ఎర్రతోలు సీటు మీద కొక్కెం

జిందేర్,
చలిగాలితో దుమ్ము మొదలైన వారం.

సమస్త జనులకూ తెలియజేయునది.

మరాది పట్టణ వాస్తవ్యుడూ, మనుషులనీ ఉల్లిపాయల బస్తాలనీ ఒకే మర్యాదతో మోసే బాడుగ మోటారు సైకిల్ యజమానీ అయిన బుబే గారి పిరుదులు ఇకమీదట చిరిగిన రెక్సిన్ మీద ఆనరాదని నిర్ణయించడమైనది. సదరు పిరుదులు ఎర్రతోలుకు తగునా, నల్లతోలుకు తగునా, వాటి చుట్టూ ఇత్తడి బొడిపెలు కొట్టించుట ఇత్తడికి మర్యాదేనా అన్న విషయం విచారించుటకు జిందేర్ కోటపేటలో నేను ఒక్కడినే సంఘంగా ఏర్పడితిని. అభ్యంతరం ఉన్నవారు మా గుమ్మం ముందు నిలబడి చెప్పుకోవచ్చును. నాకు వినబడదు.

ఒరే బుబే, డ్రైవర్ ఇస్సుఫు నీ కబురు చెప్పాడు. మోటారు సైకిల్ కొన్నావట. జిందేర్ తోలు సీటు కావాలట. మంచిదే. మీ పాలు తాగే వంశంలో ఆవు కానిదాన్ని ఎక్కినవాడివి నువ్వే మొదటివాడివి. ఆ బండికి కూడా పొద్దున్నే గడ్డి వేస్తున్నావని ఇక్కడ చెప్పుకుంటున్నారు. చెప్పుకుంటున్నది నేనే అనుకో.

కోప్పడకు. నువ్వు మా నాన్న చెల్లెలు కెల్తూం అత్త కొడుకువి కాబట్టి నాకు బామ్మర్దివి. మీ నాన్న ఫులానీ, మేం బరేబరీలం కాబట్టి తెగకీ తెగకీ కూడా వేళాకోళమే. ఒక మనిషిని రెండు వైపులనుంచీ ఏడిపించే హక్కు ఈ దేశంలో అందరికీ దొరకదు. దొరికినవాణ్ణి వాడుకోకపోతే మా తాత ఆత్మ ఊరుకోదు.

ఇక అసలు సంగతి. సీటు ఒక్కడికా, ఇద్దరికా? ఎరుపా, నలుపా? బొడిపెలు చుట్టూ కావాలా, పక్కన బొమ్మ పెట్టించాలా? ఇస్సుఫు తిరుగు బండికి రాసి పంపు. నీ మెదడు అంత దూరం పనిచేయకపోతే తలాతుని అడుగు. మీ ఇంట్లో ఆలోచన ఆమె శాఖ కదా.

నీ బావ,
కచల్లా


మరాది,
చలి ఇక్కడా ఉంది.

కచల్లా బావా,

నీ ఉత్తరం బండ్ల స్టాండులో చదివి నవ్వాను. ఇంటికి వచ్చి తడిక తలుపు తీశాక ఆ నవ్వు పోయింది. ఇంట్లో ఎవరూ లేరు.

ఇస్సుఫుకి చెప్పడానికి సిగ్గేసి ఈ సంగతి మాత్రం అతని చేత చెప్పించలేదు. తలాతు తెస్సావాలో పుట్టింటికి వెళ్లిపోయింది. తప్పు నాది. అమ్మ పోయేముందు తలాతుకి రెండు ఆడమేకలు ఇచ్చింది, నీకు గుర్తుందో లేదో. అవి పిల్లల్ని పెట్టి చిన్న మందయ్యాయి. ఒకరోజు తలాతు బావికి వెళ్లినప్పుడు వాటన్నిటినీ సంతకి తోలుకెళ్లి అమ్మేశాను. ఈ బండి అలా వచ్చింది. అడిగితే వద్దంటుందని అడగలేదు. బండి బాడుగతో ఏడాది తిరక్కుండా రెండింతలు కొనిస్తానని మనసులో లెక్క వేసుకున్నాను. ఆ లెక్క ఆమెకి చెప్పనే లేదు.

నీళ్లు మోసుకొచ్చి ఖాళీ పాక చూసింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. మేకలు కట్టేసే తాళ్లు ఒక్కొక్కటీ చుట్టలు చుట్టి, మూటలో పెట్టుకుని వెళ్లిపోయింది. బావా, తిట్టినా బాగుండేది.

రాజీకి పెద్దమనుషుల చేత కోలా కాయలు పంపాను. మామగారు పగలగొట్టకుండా తిప్పి పంపారు. మేకలు అమ్మినవాణ్ణే రమ్మన్నారట. అల్లుడు తనంతట తాను మామగారి గుమ్మానికి వెళ్లడం ఎంత సిగ్గో నీకు తెలుసు. అయినా వెళ్తాను.

సీటు అందుకే. ఒకసారి ఎవరి బండి మీదో ఇద్దరం వెళ్తే, అంచు కుట్టు తొడకి కోసుకుని తలాతు సగం దారిలో దిగి నడిచింది. వెనకవైపు వెడల్పుగా, మెత్తగా ఉండాలి. ఆమె కోసమే చేయించానని చూడగానే తెలియాలి. రంగూ బొడిపెల వరసా నీ ఇష్టం. నీకు కన్ను మంచిది, నోరే మంచిది కాదు. నీ సొంత చెల్లెలు కూర్చుంటుందనుకుని ఎంచు.

ఈ ఒక్కసారికి వేళాకోళం వదిలెయ్ బావా.

బుబే


జిందేర్,
చలి మంటలు వేసుకునే రోజులు.

ఒరే మేకల దొంగా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి నవ్వుదామని ప్రయత్నించాను, కుదరలేదు. తాళ్లు చుట్టుకుని వెళ్లిందా? ఆ పిల్ల నీకంటే నాకే ఎక్కువ అర్థమవుతోంది. తిడితే నువ్వు బదులు చెబుతావు. తాడుకి ఏం బదులు చెబుతావు?

సరే, మాయాకి అనే ముసలి తోలు పనివాడి దగ్గరికి వెళ్లాను. తోలు పనిలో జిందేర్‌లో ఆయన తర్వాతే ఎవరైనా. కొట్టంతా తోళ్లు గుట్టలు. జొన్న చొప్పతో అద్దిన ఎరుపు, మడ్డి నలుపు, ఒక రకం పచ్చ. పచ్చ తోలు తీసి చూపించి ఇది గవర్నర్ల కుర్చీలకి వాడతామన్నాడు. మావాడు గవర్నరు కాదు, ఇంట్లోంచి గెంటేయించుకున్న మొగుడు, ఎరుపు చూపించమన్నాను. ముందు ఎవరు కూర్చుంటారని అడిగాడు. ముందు దొంగ, వెనక దొంగ పెళ్లాం అన్నాను. అయితే వెనక రెండు పొరలు వేయాలి, దొంగకి ఒకటి చాలు అన్నాడు. ముసలాయన నాకు నచ్చేది ఇందుకే.

ఎర్రతోలులో కూడా మెడ భాగం వేరు, వీపు భాగం వేరు. వీపు తోలు మెత్తన. ఒక్కొక్కటీ బుగ్గకి ఆనించి చూశాను. ఆయన మనవరాళ్లు నవ్వారు. చివరికి ఒకటి ఎంచాను. మాయాకి తోలు కుట్టే ఆరెతో అంచు పొడిచి, కుట్టు లోపలికి మడిచాడు. తలాతు తొడకి ఇక కోసుకోదు. నికెల్ బొడిపెలు కూడా చూపించాడు, అవి స్పూన్లలా మెరుస్తాయి. ఇత్తడే తీసుకున్నాను. ఇత్తడి ఎండకి కాలుతుంది కాబట్టి కూర్చునే చోట ఒక్కటీ పెట్టలేదు. అంచు వెంబడి ఒక వరస. వెనక పక్కన, తలాతు తుంటి వచ్చే చోట, ఒక గుర్తు కొట్టించాను. మూడు అడ్డగీతలూ, చివర ఒక కొక్కెం. చాలా అందంగా వచ్చింది. అర్థం అడక్కు, అందానికి అర్థమేమిటి.

సీటు ఇస్సుఫు బండి మీద వస్తోంది. గోనె సంచిలో చుట్టాను. కొక్కెం బయటివైపుకి ఉండేలా బండి నిలుపుకో, గోడవైపుకి కాదు.

తలాతు నువ్వు అమ్మిన తన మేకల తోలు మీదే కూర్చుంటుందేమోనని ఒక ఆలోచన వచ్చింది. ఇంకా నవ్వొస్తోంది. వదిలెయ్యమన్నావు కదా, వదిలేశాను.

కచల్లా


మరాది,
చలి తగ్గింది.

బావా,

సీటు వచ్చింది. గోనె విప్పగానే స్టాండులో బండ్లవాళ్లంతా మూగారు. చేతులు కడుక్కోకుండా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఒకడు ఇది సీటు కాదు, రాజుగారి గుర్రం జీను అన్నాడు. ఇంకొకడు తన బండి మీద ఎక్కేందుకు వచ్చినవాళ్లు ఆ ఎర్రబండి ఖాళీ అయ్యేదాకా ఆగుతామంటున్నారని నా మీద పోట్లాటకి వచ్చాడు. నేను ఎవరినీ ఎక్కించుకోవడంలేదు. మొదట తలాతు కూర్చోవాలి.

వెనక చేత్తో నొక్కి చూశాను. మంచం మీద బొంతలా ఉంది. అంచు ఎక్కడా గుచ్చుకోదు. ఆ కొక్కెం గుర్తు ఎంత బాగుందో. ఇదేం గుర్తని అందరూ అడుగుతున్నారు. మా బావ ఎంచాడు, ఆయనకే తెలుసు అంటున్నాను.

బావా, ఒకమాట. సీటు వచ్చేదాకా నాకు లోపల భయంగానే ఉంది. నువ్వేదో చేస్తావని. గోనె విప్పేముందు, తోలు మీద ఏ కప్ప బొమ్మో ఉంటుందని ఒక మూల తీసి లోపలికి తొంగి చూశాను. అలా అనుకున్నందుకు క్షమించు. నువ్వు నాకింత పెద్దపని చేస్తావని నేను అనుకోలేదు. అమ్మ ఉంటే నిన్ను పిలిచి, నెత్తిన చెయ్యిపెట్టి దీవించేది.

వచ్చే సంతరోజు తెస్సావా వెళ్తున్నాను. ఆ రోజు మామగారు సంతలో బేరాలు ముగించుకుని ఇంటి దగ్గరే ఉంటారు. దీవించు.

బుబే


జిందేర్,
పొద్దున్నే, తొందరలో.

బుబే,

ఇస్సుఫు బండి కదులుతోంది, నిలబడి రాస్తున్నాను. సంతరోజు నీ మోటారు సైకిల్ మీద తెస్సావా వెళ్లకు. తోలు ఇంకా పూర్తిగా ఆరలేదని మాయాకి అంటున్నాడు. రంగు తలాతు బట్టకి అంటుకుంటుంది. బస్సులో వెళ్లు. లేదంటే సీటు మీద గుడ్డ కప్పు, పక్కల కిందిదాకా వేలాడేలాగ. పెద్ద గుడ్డ.

వెళ్లకపోతే ఇంకా మంచిది. వారం ఆగు. నేను వేరే సీటు పంపుతాను.

నెత్తిన చెయ్యి అని రాశావు. అలాంటివి రాయకు.

కచల్లా


మరాది,
ఎండలు మొదలయ్యాయి.

కచల్లా గారికి,

మీ ఉత్తరం నేను తెస్సావానుంచి తిరిగొచ్చాక అందింది. దారిలో ఇస్సుఫు బండి టైరు పేలిందట.

జరిగింది రాస్తాను. చదవండి.

మామగారి ఇంటి ముందు బండి నిలిపి, దూరంగా వేపచెట్టు కింద చతికిలబడి కూర్చున్నాను. తలమీదికి బట్ట లాక్కుని, నేల చూస్తూ. మామ ఎదుట అల్లుడు ఎలా కూర్చోవాలో అలాగే. సంతనుంచి తిరిగి వెళ్లేవాళ్లు చాలామంది ఆగి సీటుని చూస్తున్నారు. నాకు లోపల గర్వంగా ఉంది. తడిక వెనక తలాతు గాజుల చప్పుడు విన్నాను.

మామగారు, అల్హాజీ గాంబో గారు, బయటికొచ్చారు. తెస్సావా సంతలో ఆయన పశువుల దళారి అన్న సంగతి మీకు తెలియనిది కాదు. తుంటి మీద వాత చూసి ఏ ఊరిది, ఏ ఇంటిది అని చెప్పడమే ఆయన బతుకు. నా వైపు చూడలేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగారు, పశువు చుట్టూ తిరిగినట్టు. వెనక పక్కన ఆగి, కొక్కెం మీద బొటనవేలితో నొక్కారు. తర్వాత సంతలో మాట్లాడే గొంతుతో అన్నారు:

"ఇది జిందేర్ కోటపేటలో కచల్లా తాత గాడిదల గుర్తు. గాడిద మీద ఎక్కడ వేస్తారో సరిగ్గా అక్కడే ఉంది. ఈ గాడిదని అమ్మకానికి తెచ్చారా, అల్లుడు గారూ, దొంగిలించి తెచ్చారా?"

అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆగాక, మెల్లగా, నాకొక్కడికే వినబడేలా అన్నారు:

"మా అమ్మాయి మేకల మీద కూడా ఒక గుర్తు ఉండేది. తోలుకెళ్లేటప్పుడు చూశావా?"

 తడిక వెనక గాజుల చప్పుడు లోపలికి వెళ్లిపోయింది.

చిన్నప్పుడు మీ ఇంట్లో గాడిదలెక్కి తిరిగాను గానీ వాటి తుంటి చూసినవాణ్ణి కాదు. మీరు చూశారు. నేను చూడనని కూడా మీకు తెలుసు.

మీకూ నాకూ మధ్య వేళాకోళం ఉంది. నన్ను గాడిద అనండి, బానిస అనండి, మా ఇంటి కోడిని పట్టుకెళ్లండి, నేను నవ్వుతాను. నాకూ మామగారికీ మధ్య సిగ్గు తప్ప ఇంకేమీ లేదు. మీ నవ్వు తీసుకెళ్లి ఆ సిగ్గు మధ్యలో పడేశారు. పొరపాటున కాదు. వద్దని రాసినా.

బొడిపెలన్నీ పట్టకారుతో లాగేస్తాను. ఇక ఉత్తరాలు వద్దు.

బుబే


జిందేర్,
ఇస్సుఫు చేతికి ఇచ్చి, నీ చేతిలోనే పెట్టమన్నాను.

బుబే,

పట్టకారు కింద పెట్టు. ఇది చదివాక కావాలంటే మళ్లీ తీసుకో.

గాడిద గుర్తు నేనే కొట్టించాను. నవ్వుదామని. మాయాకి వద్దన్నాడు. మనుషులు కూర్చునేదాని మీద పశువుల గుర్తు పెట్టకు, చూసేవాళ్లందరూ నీ బావమరుదులు కారు అన్నాడు. నేను ఆయన్ని ముసలి తోలు అన్నాను. నువ్వు ఆ బండి మీద మరాది వీధుల్లో తిరుగుతుంటే, జిందేర్‌నుంచి వచ్చే ప్రతి డ్రైవరూ చూసి నవ్వుతాడనీ, ఒక ఏడాది తర్వాత నీకే తెలిసి నా మీదికి కర్ర తీసుకొస్తావనీ అనుకున్నాను. గాంబో గారి బొటనవేలి సంగతి నాకు తట్టలేదు. తట్టలేదంటే, తట్టింది. నెత్తిన చెయ్యి అని నువ్వు రాసిన రోజున తట్టింది.

నీ ఉత్తరం అందిన మర్నాడే తెస్సావా వెళ్లాను. అవును, నేనే. గాంబో గారు చాప వేయలేదు. మట్టిలో కూర్చున్నాను. వచ్చేపోయేవాళ్లు నన్ను చూసి, గాడిద యజమాని గాడిద కోసం వచ్చాడన్నారు. సరిగ్గా అన్నారు. గుర్తు పెట్టించింది నేనేనని, బుబేకి ఏమీ తెలియదని చెప్పాను. ఎందుకు పెట్టించావని అడిగారు.

అప్పుడు ఒక సంగతి చెప్పాను. నీకూ చెప్పాలి. ఆ మూడు గీతలూ కొక్కెం గాడిదల గుర్తే, కానీ గాడిదలది మాత్రమే కాదు. మీ అమ్మ పెళ్లై వెళ్లేటప్పుడు తనతో తీసుకెళ్లిన దిండు మీద అదే గుర్తు. ఎర్రతోలు దిండు, నాలుగు మూలలా కుచ్చులు, లోపల బూరుగు దూది. కెల్తూం అత్త ఒంటె ఎక్కుతుంటే తాత దాన్ని ఆమె ఒళ్లో పెట్టి, ఇది మన ఇంటి గుర్తమ్మా, దారి తప్పితే ఎవరో ఒకరు చూసి ఇంటికి తెచ్చి దిగబెడతారు అన్నాడు. నేను అప్పుడు తాత వేలు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఒంటె లేస్తుంటే దిండు జారబోయింది, అత్త రెండు చేతులా పట్టుకుంది. తాత పోయినప్పుడు అత్త వచ్చి, ఆ దిండు ఆయన తలకింద పెట్టి, తర్వాత మా ఇంట్లోనే వదిలేసింది. అందుకే నువ్వు చూడలేదు.

గాంబో గారు బొటనవేలితో మట్టిలో ఆ కొక్కెం గీసి చూశారు. పశువుల గుర్తులు తనకి తెలుసుగానీ, ఆడపిల్లకి గుర్తు కట్టి పంపిన ఇల్లు ఇప్పుడే విన్నానన్నారు. అప్పుడు తడిక వెనకనుంచి తలాతు గొంతు వినబడింది.

"అన్నయ్యా, అత్త ఆ దిండు సంగతి నాకెప్పుడూ చెప్పలేదే?"

పుట్టింటి సంగతులు కోడళ్లకి చెప్పుకునే మనిషి కాదమ్మా అన్నాను.  గాంబో గారు లోపలికి వెళ్లి, చాప తీసుకొచ్చి వేశారు. నేను కూర్చోలేదు. మట్టే బాగుందన్నాను.

బండి తీసుకుని మళ్లీ వెళ్లు. గుడ్డ కప్పకు.

కచల్లా


మరాది,
తొలకరి. సజ్జ విత్తనం వేశాం.

బావా,

మళ్లీ బావా అని రాస్తున్నాను.

తలాతు వచ్చింది. నేను వెళ్లేసరికి మామగారు ఇంట్లో లేరు. కావాలనే లేరేమో. తలాతు బయటికొచ్చింది.  బండి దగ్గరికి వెళ్లి, కొక్కెం మీద అరచెయ్యి పెట్టి నిలబడింది. "తప్పిపోతే తెచ్చి దిగబెడతారన్నాడట కదా, తాత" అంది. తర్వాత లోపలికి వెళ్లి మూట తెచ్చుకుంది. మేకల తాళ్లు కూడా అందులోనే ఉన్నాయి. మేకలు కొనే లెక్క చెప్పాను, ఈసారి నోటితో. వింది. ఒప్పుకుందో లేదో ఇంకా తెలియదు. కానీ దారంతా వెనకే కూర్చుంది, ఒక్కచోట కూడా ఆపమనలేదు. ఊళ్లోకి వచ్చేటప్పుడు వాన పడితే తన బట్ట తీసి సీటు మీద కప్పింది, నా మీద కాదు.

ఇంతవరకూ సంతోషం. ఇంకొకటి రాయాలి.

అమ్మ చివరి రోజుల్లో నేను ఎవరెవరి బండ్లో నడుపుతూ బాడుగల వెనక తిరిగాను. పక్కన ఉన్నది తలాతే. పోయే ముందు అమ్మ చేత్తో తలకింద వెతికేదట. నీళ్లా, బట్టా, జపమాలా అని తలాతు ఒక్కొక్కటీ చేతికిచ్చేది. ఏదీ కాదని పక్కకి నెట్టేసేదట. ఇప్పుడు తలాతు ఒకటే మాట అంటోంది. అత్త ఆ దిండునే వెతికింది, నాకు తెలియలేదు, అడిగి తెలుసుకోలేకపోయాను, జిందేర్‌కి ఒక కబురు పంపితే వచ్చేదే అని. సజ్జ పిండి దంచుతూ ఆగిపోతుంది. ఎందుకు ఆగావంటే చెప్పదు, నాకు తెలుసు. నా మేకల తప్పు మర్చిపోయిందిగానీ, తనదికాని తప్పు ఒకటి తలకెత్తుకుంది.

పంట కోతలయ్యాక జిందేర్ వస్తామంటోంది. దిండు అడగదట. ఒక్కసారి ఒళ్లో పెట్టుకుంటే చాలంది. మీ అమ్మకి చెప్పి పెట్టెలోంచి తీయించి పెట్టు బావా. ఎండలో వేస్తే పురుగు పట్టదు.

బుబే


జిందేర్,
సజ్జకంకులు గింజ పట్టే వేళ.

బుబే,

ఈసారి ప్రకటన లేదు.

నీ ఉత్తరానికి ఇంతకాలం బదులు రాయనిది దిండు చేయిస్తూ ఉండడంవల్ల. అవును, చేయిస్తూ. సరిగ్గానే చదివావు. మాయాకి దగ్గరికి వెళ్లి ఎర్రతోలు దిండు కావాలన్నాను. నాలుగు కుచ్చులు, మూడు గీతలు, కొక్కెం. పాతదానిలా ఉండాలన్నాను. ముసలాయన ఏమీ అడగలేదు. కుట్టి, బూరుగు దూది నింపి, పేడ పొగ పట్టించి, నూనె చేతులతో రుద్ది, మట్టిలో దొర్లించాడు. నా కళ్లముందే దానికి నలభై ఏళ్లు వచ్చాయి. చూస్తే నేనే నమ్మేసేవాణ్ణి. తలాతు నమ్ముతుంది. ఒళ్లో పెట్టుకుని ఏడుస్తుంది. ఆమె ఏడుపుని కూడా నేనే కొట్లో చేయించినట్టవుతుంది.

అప్పుడు మాయాకి ఒక మాట అడిగాడు. ఇన్నేళ్లు తల ఆనిన దిండుకి గుంట ఉంటుంది, ఎక్కడ పెట్టమంటావు, నడుమకా, పక్కకా అన్నాడు.

 అత్త వెల్లకిలా పడుకునేదా, పక్కకి తిరిగి పడుకునేదా నాకు తెలియదు. తలాతుకి తెలుసు. రాత్రీ పగలూ ఆ తల ఎత్తి నీళ్లు తాగించింది ఆమె. ఆమెకి నేను దిండు చూపించి, అత్త తల ఇక్కడ ఆనేదమ్మా అని చెప్పాలి. ఇన్నేళ్లలో నా నోరు మొదటిసారి ఊరుకుంది.

బుబే, తెస్సావాలో మట్టిలో కూర్చున్న రోజు నేను నిజం చెప్పడానికే నోరు తెరిచాను. నవ్వుదామని చేశానండీ, గాడిదనండీ నేను అందామనుకున్నాను. తడిక వెనక గాజులు చప్పుడయ్యాయి. నోట్లోంచి దిండు వచ్చింది. ఒకసారి వచ్చాక దానికి కుచ్చులు వచ్చాయి, దూది వచ్చింది, ఒంటె వచ్చింది. గాంబో గారు చాప తెచ్చేసరికి నేనే సగం నమ్మాను. మట్టిలోనే కూర్చున్నది మర్యాదకోసం కాదు.

తలాతుకి ఈ ఉత్తరం చదివి వినిపించు. వినిపిస్తే మళ్లీ మూట కట్టుకుంటుందని నీకు భయం. నాకూ భయమే. కానీ వినిపించకపోతే ఆ పిల్ల రోజూ రోకలి ఆపి నిలబడుతుంది. తను ఇవ్వలేకపోయిన ఒక వస్తువు కోసం. ఆ వస్తువు లోకంలో లేదు. అత్త చేత్తో ఏం వెతికిందో నాకు తెలియదు, నీకు తెలియదు, తలాతుకీ తెలియదు. తెలియదు అన్నంతవరకే నిజం. మిగిలినదంతా నేను ఆమె నెత్తిన పెట్టాను. దింపు.

ఆమెకి కోపమొస్తే నా మీదే రావాలి. నీ మీదికి మళ్లితే నన్ను పిలువు, వచ్చి మట్టిలో కూర్చుంటాను, మట్టి అలవాటైంది. గాంబో గారికి కూడా నేనే చెప్పుకుంటాను. నువ్వు ఆయన ముందు నోరెత్తకు, అది నీ సిగ్గు కాదు.

మాయాకి దిండు తన దగ్గరే ఉంచుకున్నాడు. ఎవరికైనా అమ్మమంటే, పొగ వాసన పోయేదాకా అమ్మను, ఇది అబద్ధాల వాసన అన్నాడు. సీటు మాత్రం అబద్ధం కాదు. ఆ తోలు నేను బుగ్గకి ఆనించి ఎంచిందే. తలాతు తొడకి కోసుకోకూడదని వెతికిందే. బొడిపెలు పీకేస్తే పీకేయండి, రంధ్రాలు ఉంటాయి, ఉండనివ్వండి.

ఇస్సుఫు బండి పైన రెండు ఆడమేకలు వస్తున్నాయి. ఒకటి చూలుది. నా మందలోవే. వాటి మీద ఏ గుర్తూ వేయలేదు. కాల్చిన ఇనుము దగ్గరికి తీసుకెళ్లి, వెనక్కి తెచ్చేశాను. ఏ గుర్తు వేయాలో తలాతు ఇష్టం, వేయకపోయినా ఆమె ఇష్టం. తాళ్లు ఆమె దగ్గరే ఉన్నాయి కదా.

కెల్తూం అత్తకి పెళ్లిలో ఏ దిండూ ఇవ్వలేదు. తాత ఆ మాట అనలేదు. ఆయన వేలు పట్టుకుని నేను నిలబడనూ లేదు. నేను నీకంటే పెద్ద, పెళ్లైన చాలా ఏళ్లకిగానీ అత్తకి నువ్వు పుట్టలేదు కదా, అందుకే నీకు అనుమానం రాలేదు. ఆమె అత్తింటికి వెళ్లిన రోజుకి నేనింకా పుట్టలేదు.

కచల్లా